తొమ్మిదో రాయికీ పదో రాయికీ మధ్య

రాచకుంట్ల విమానాశ్రయంలో బయలుదేరే విమానాల బోర్డు మీద పైనుంచి మూడో వరుస ఇలా ఉంటుంది: లీమా. దూరం 17,300 కిలోమీటర్లు. ప్రయాణ కాలం 22 నిమిషాలు.

ఏడు నెలల కిందట ఈ వరుస మొదటిసారి వెలిగినప్పుడు జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఇప్పుడు తలెత్తి చూసేవాళ్లు లేరు. భూగోళానికి ఇంచుమించు అవతలి వైపున్న ఊరికి ఇరవై రెండు నిమిషాల్లో పోవడం సిటీ బస్సు ఎక్కినంత మామూలైపోయింది. మనిషికి ఎంత వింతైనా ఆరు నెలలే. ఏడో నెలలో కాఫీ చల్లగా ఉందని గొడవకు దిగుతాడు.

రన్‌వే వెనకాల ఉన్న ల్యాబులో చంద్రకళ ఆ గురువారం పొద్దున రోజువారీ రిజిస్టరు తెరిచింది. రోజుకు ఎనిమిది లీమా విమానాలు, నాలుగు పోయేవి, నాలుగు వచ్చేవి. ఒక్కోదాని పక్కన సమయం రాసి సంతకం పెట్టడం ఆమె పని. మూడో సంతకం దగ్గర ఉండగా తమ్ముడి ఫోను వచ్చింది.

"అక్కా, నన్ను బండి దించేసిన్రు," అన్నాడు పర్వతాలు.

నల్లమల అంచున కొల్లంపేటలో పర్వతాలు అంబులెన్సు నడుపుతాడు. పన్నెండేళ్లుగా అదే బండి, అదే సీటు. పండగనాడు కూడా తాళాలు జేబులో పెట్టుకునే అన్నానికి కూర్చుంటాడు. అలాంటివాణ్ణి బండి దించడం అంటే చేపను నీళ్లలోంచి తీయడమే.

"ఏమైందిరా?"

"పోయిన శుక్రవారం ఎర్రపెంట నుంచి ఫోనొచ్చింది. ఈదమ్మ అని, ఇరవై మూడేండ్ల పిల్ల. కట్లపాము కరిచింది. పెనిమిటి తిరుపతయ్య బండ్లనే కూసున్నడు. దవాఖాన చేరకముందే ఊపిరాగింది. ఎర్రపెంట నుంచి దవాఖానకు పద్నాలుగు కిలోమీటర్లు, ఇరవయ్యొక్క నిమిషం. నాకు ముప్పై పట్టింది. తొమ్మిది నిమిషాలు యాడ ఆగినవని అడుగుతున్నరు. ఊపిరాగినంక బండాపి నేనూ నర్సమ్మా ఛాతీ ఒత్తినం, అది రెండు నిమిషాలు. ఆ మాట ఒప్పుకున్న. మిగిలిన ఏడు నిమిషాలు ఏమైనయో నాకు తెల్వదక్కా. చాయ్ తాగనీకె ఆగిండని ఎవరో రాసిచ్చిన్రు."

అడగకూడని మాట అని తెలిసి కూడా చంద్రకళ అడిగింది.

"నిజం చెప్పు. యాడన్న ఆగినవా?"

అవతల ఫోనులో లారీ హారన్ వినిపించింది.

"నువ్వు గూడ అడుగుతున్నవా?" అన్నాడు చివరికి. "మీటరు ఫోటో పంపుత, చూసుకో. బయలెల్లినప్పటి లెక్క, చేరినప్పటి లెక్క రెండూ ఉన్నయి. పద్దెనిమిదీ పాయింటు ఎనిమిది తిరిగింది. వాళ్లేమో మీటరే ఖరాబైందంటున్నరు."

చంద్రకళకు సిగ్గేసింది. చిన్నప్పుడు బెల్లం ముక్క దొంగిలించినా సాయంత్రంలోపు తనే చెప్పేసేవాడు వీడు. కానీ ఆ దారి పద్నాలుగే అని కూడా ఆమెకు తెలుసు. దాన్ని కొలిచింది వాళ్ల నాయిన.

గొలుసు ఆశన్న అంటే కొల్లంపేట చుట్టుపక్కల పాతవాళ్లందరికీ తెలుసు. రోడ్ల శాఖలో గొలుసు పట్టేవాడు. ఇరవై మీటర్ల ఇనుప గొలుసు, కొలిచినచోట నేలలో గుచ్చే పది సూదులు, ఒక సున్నం డబ్బా, ఇవే ఆయన ఆస్తి. ఏ దారైనా ఒకసారి కొలిచి ఊరుకునేవాడు కాదు. పోతూ కొలిచి, మర్నాడు వస్తూ కొలిచేవాడు. రెండు లెక్కలకూ జానెడు తేడా వస్తే ఆ పూట అన్నం ముట్టకుండా మళ్లీ మొదటి రాయి దగ్గరికి నడిచేవాడు. "గొలుసు పోయినట్టే రావాలె," అనేవాడు. ఇంజనీర్లు నవ్వేవాళ్లు. ఎర్రపెంట దారి మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆయన చెప్పిన ఏడు వందల గొలుసులకు వేలెడు అటూ ఇటూ కాలేదు.

ఫోటోలో మీటరు అంకెలు తీసివేసి చూసుకుంది. పద్దెనిమిదీ పాయింటు ఎనిమిదే. రిజిస్టరు మూసి, ఇంకో రిజిస్టరు తీసింది. అది ఆరేళ్లుగా ఎవరూ ముట్టనిది.

*

ల్యాబులో ఉన్న యంత్రానికి కాగితాల మీద పెద్ద పేరుంది. మాటల్లో మాత్రం అందరూ దాన్ని కుచ్చిళ్ల మిషన్ అంటారు. చీర కుచ్చిళ్లు పెట్టినట్టే అది దూరాన్ని మడతలు మడతలుగా పట్టుకుంటుంది. రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న పదిహేడు వేల కిలోమీటర్లు మడతల్లోకి పోయి, విమానం ఎగరడానికి రెండొందల కిలోమీటర్లు మిగులుతాయి. అవి ఎగిరి దిగగానే మడతలు వదిలేస్తారు. దూరం మళ్లీ తన చోటికి పోతుంది. కింద సముద్రంలో చేపకు కూడా తెలియదు.

అయితే కుచ్చిళ్లు పెట్టాలంటే ఒక కొసను నడుముకు దోపుకోవాలి కదా. యంత్రానికీ అంతే. నేల మీద ఎక్కడో ఒకచోట, ఏళ్ల తరబడి మారని, మనిషి చేత్తో వేలెడు తేడా లేకుండా కొలిచిన ఒక గీత కావాలి. దాన్ని ల్యాబులో మేకు అనేవాళ్లు. అలాంటి గీత కోసం డైరెక్టరు డాక్టర్ కోటంరాజు గారు దేశమంతా వెతికిస్తున్న రోజుల్లో చంద్రకళ లేచి నిలబడి, "మా నాయిన కొలిచిన దారి ఉంది సార్," అంది.

పరీక్షించారు. ఆ దారి అంత కచ్చితమైనది ఇంకొకటి దొరకలేదు. రిజిస్టరులో మొదటి పేజీలో ఆమె చేతిరాత అలాగే ఉంది. మేకు: ఎర్రపెంట నుంచి కొల్లంపేట. పొడవు: పద్నాలుగు కిలోమీటర్లు. కొలిచినవారు: గొలుసు ఆశన్న. ఆ పేరు రాసిన రోజు ఆమె ఇంటికెళ్లి నాయిన ఫోటోకి దండ మార్చింది. గర్వంతో రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మేకు కదిలిందేమో అని వారం వారం ఉపగ్రహంతో చూస్తారు. పైనుంచి చూస్తే దారి రెండు కొసలూ ఉన్నచోటే ఉన్నాయి. ఏడు నెలలుగా కాగితం మీద పద్నాలుగే. కానీ మేకును నేల మీద నడిచి చూసినవాళ్లు లేరు.

శుక్రవారం సెలవు రాసిచ్చి, సాయంత్రం బస్సెక్కింది.

*

శనివారం పొద్దున ఆరింటికి అక్కా తమ్ముడూ ఎర్రపెంట దారిలో తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర నిలబడ్డారు. మిగతా పదమూడు జతల రాళ్ల మధ్యా పర్వతాలు ముందురోజే బైకు మీద తిరిగి వచ్చాడు. అన్నీ కిలోమీటరే. తొమ్మిదికీ పదికీ మధ్య మాత్రం బైకు మీటరు ఆరు చూపించింది.

నాయిన గొలుసు అటక మీద నుంచి దించి, చింతపండుతో తోమి తెచ్చాడు. ముందు కొస అతను పట్టాడు, వెనక కొస ఆమె పట్టింది. గొలుసుకో సూది, పది గొలుసులకో సున్నం గుర్తు. చిన్నప్పుడు సెలవుల్లో నాయిన వెంట తిరిగిన చేతులు, మర్చిపోలేదు.

కిలోమీటరంటే యాభై గొలుసులు. యాభై అయింది.

"రాయి యాడరా?" అంది.

"కనపడుత లేదు," అన్నాడు పర్వతాలు. ముందంతా తంగేడు పొదలు, కంకర, ఎండ. "ఎప్పుడూ ఉన్న దారే అక్కా. కొత్తది ఏమీ లేదు. అన్నీ ఎక్కువెక్కువ ఉన్నయి, గంతే."

నిజమే. కొత్త చెట్టు లేదు, కొత్త గుట్ట లేదు. రెండు కరెంటు స్తంభాల మధ్య ఉండవలసినదానికంటే ఎక్కువ కంకర ఉంది, ఎక్కువ గడ్డి ఉంది.

మేకలు తోలుకొస్తున్న ఒక అవ్వ వాళ్లను చూసి ఆగింది. "ఏం కొలుస్తున్నరు బిడ్డా? దారినా? దాన్ని కొలవకుర్రి, ఇంకింత సాగుతది."

"నీకెట్ల తెలుసవ్వా, సాగిందని?"

"నాకేం తెలుసు! మోకాళ్లు అరిగినయనుకున్న. దవాఖానల సూదులు గూడ ఏయించుకున్న. నా కోడలు బడిపిల్లలను ఆలిస్యమైందని కొడుతున్నది. బస్సాయన డ్రైవరును తిడుతున్నడు. అందరం ఎవరి కాళ్లను వాళ్లమే తిట్టుకుంటిమి. దారిని తిట్టాలని ఎవరికి తడుతది?" అని నవ్వి, మేకలను అదిలించుకుంటూ పోయింది.

పదో రాయి మూడు వందల రెండో గొలుసు దగ్గర తగిలింది. ఉండవలసిన దానికంటే రెండు వందల యాభై రెండు గొలుసులు ఎక్కువ. ఐదు వేల నలభై మీటర్లు.

పర్వతాలు ఆ రాయి మీద చెయ్యి వేసి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "అంటే నేను ఆగలే," అన్నాడు. చెప్పింది అక్కతో కాదు, తనతో తనే.

"రేపు వాపస్ కొలుద్దాం," అంది చంద్రకళ.

"ఇంకెందుకక్కా?"

"గొలుసు పోయినట్టే రావాలె గద."

ఆదివారం అదే వేళకు పదో రాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చారు. నిన్నటి సున్నం గుర్తులన్నీ సరిగ్గా పదేసి గొలుసుల ఎడంలో ఉన్నాయి. తొమ్మిదో రాయి పక్కన ఉన్న చివరి గుర్తు వరకు ఒక్క వేలు తేడా లేదు. ఆ గుర్తుకూ రాయికీ మధ్య నిన్న పది గొలుసులుంటే, ఇవాళ పదకొండు దాటి ఇంకో నాలుగు మీటర్లు వచ్చింది. మొత్తం మూడు వందల మూడు గొలుసుల నాలుగు మీటర్లు.

"లెక్క తప్పినమా?" అన్నాడు పర్వతాలు.

లెక్క తప్పలేదు. ఒక్క రోజులో ఇరవై నాలుగు మీటర్లు పెరిగింది. రోజుకు ఎనిమిది విమానాలు. విమానానికి మూడు మీటర్లు. శనివారం పొద్దుటికి రిజిస్టరులో ఆమె సంతకాలు వెయ్యీ ఆరు వందల ఎనభై. వాటిని మూడుతో గుణించడానికి కాగితం అక్కర్లేదు. ఐదు వేల నలభై.

మడతలు వదిలిన ప్రతిసారీ నడుము దగ్గర దోపిన చోట కాస్త మిగిలిపోతోంది. అది తొమ్మిదో రాయి పక్కన చేరి, అంతకుముందు చేరినదాన్ని ముందుకు నెడుతోంది. ఏడు నెలలుగా ఇదే జరుగుతోంది. పదిహేడు వేల కిలోమీటర్లను రోజుకు ఎనిమిదిసార్లు మడిచి విప్పారు గానీ, విప్పిన తర్వాత తిరిగి కొలిచినవాడు లేడు. గొలుసు ఆశన్న కూతురు ఆ ల్యాబులోనే కూర్చుని, పోయే లెక్క మీదే సంతకాలు పెట్టింది.

చంద్రకళ రాయి మీద కూర్చుంది.

"ఏందక్కా?"

"ఏం లేదు. ఎండ తగిలింది," అంది. తమ్ముడి మొహం చూడలేకపోయింది.

*

సోమవారం కోటంరాజు గారు ఆమె కాగితాలు రెండుసార్లు చదివారు. మొదటిసారి చదివినప్పుడు ఆయన కళ్లు మెరిశాయి. పాపం, శాస్త్రవేత్త కదా.

"అయితే మూడు మీటర్లు! పదిహేడు వేల కిలోమీటర్లకి మూడంటే మూడు మీటర్లు! చంద్రకళా, ఇది ఎంత చిన్న శేషమో ఆలోచించారా? మనం అనుకున్నదానికంటే యంత్రం ఎంత బాగా పనిచేస్తోందో చూడండి."

రెండోసారి చదివాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరికైనా చెప్పారా?"

"లేదు సార్."

"అక్కడ పేరుకున్న ఐదు కిలోమీటర్లూ వెనక్కి తీయడం కుదురుతుందా?"

"కుదరదు సార్. చూశాను. అతుక్కుపోయింది."

ఆయన కిటికీ దాకా వెళ్లి వచ్చారు. చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్లు ఈ యంత్రం కోసం ఇల్లూ వాకిలీ మర్చిపోయిన మనిషి. కూతురి పెళ్లిలో కూడా పీటల మీద కూర్చుని ఫోనులో రీడింగులు విన్నారని చెప్పుకుంటారు.

"ముందు మేకు మార్చేద్దాం," అన్నారు. "నల్లమల లోపల అడవి బాట ఒకటి చూడండి. మనుషులుండని చోటు. కొలిచి, రిజిస్టరులో రాసి గురువారానికల్లా తెండి. ఇక మీ తమ్ముడి సంగతి. మీటరు పాడైపోయిందని రాయిస్తాను, పైవాళ్లు నాకు తెలుసు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. సరేనా?"

"మరి ఈదమ్మ సార్?"

"ఎవరు?"

"చనిపోయిన అమ్మాయి."

కోటంరాజు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "తిలా పాపం తలా పిడికెడు అమ్మా. ఇందులో మీరు ఒక్కరే లేరు. ఆ దారి మీది కావడం మీ దురదృష్టం, అంతే. పోయిన ప్రాణం ఈ కాగితంతో వస్తుందా?"

రాదని ఆమెకూ తెలుసు. ఈ కాగితం లోపలుంటే తమ్ముడు రేపటి నుంచి బండెక్కుతాడు. మీటరే పాడైందని ఊరు నమ్ముతుంది, ముఖం చూపించుకోగలుగుతాడు. తిరుపతయ్య మాత్రం ఆ ఏడు నిమిషాలు డ్రైవరు చాయ్ తాగాడనే అనుకుంటూ బతుకుతాడు. కాగితం బయటపడితే రిజిస్టరు మొదటి పేజీ కూడా బయటపడుతుంది. అందులో నాయిన పేరుంది, తన చేతిరాత ఉంది.

"మనుషులుండని చోటు అంటే మ్యాపులో ఎట్లా కనపడుతుంది సార్?" అంది లేస్తూ.

"ఖాళీగా ఉంటుంది."

"మా ఎర్రపెంట కూడా మ్యాపులో ఖాళీగానే ఉంటుంది."

*

గొలుసు కొలతకు ఇద్దరు కావాలి. బుధవారం పర్వతాలు గొలుసు సంచీతో రాచకుంట్లలో దిగాడు. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు సంచీ విప్పించి, అంత పొడుగు ఇనుప గొలుసు చూసి బిత్తరపోయారు. చంద్రకళ కార్డు చూపించి లోపలికి తీసుకెళ్లింది.

లీమా విమానం ఎక్కే ద్వారం నుంచి విమానం తలుపు దాకా ఒక అద్దాల నడవ ఉంటుంది. మధ్యాహ్నం రెండు విమానాల మధ్య అది గంటన్నర ఖాళీ. చంద్రకళ వెనక కొస ద్వారం దగ్గర పెట్టి, "పో," అంది.

నాలుగో గొలుసు దగ్గర ఆపి, తమ్ముడికి అంతా చెప్పింది. కుచ్చిళ్లూ, మేకూ, మూడు మీటర్లూ, నాయిన పేరూ. ఎక్కడా తగ్గించి చెప్పలేదు. పర్వతాలు చేతిలో గొలుసు కొస జారి పాలరాతి మీద గల్లుమంది.

"ఆదివారమే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎండ తగిలిందంటివి."

"అవును."

అతను అద్దంలోంచి బయటికి చూశాడు. ఒక విమానాన్ని చిన్న బండి వెనక్కి నెడుతోంది.

"కొలువు పోతె పోనీ అనుకున్ననక్కా," అన్నాడు. "గని నన్ను నేనే అనుమానపడ్డ. గొలుసు పట్టేదాంక ఎనిమిది దినాలు, కన్ను మూస్తె ఆ ఏడు నిమిషాలే ఎతికిన. యాడన్న కునుకు తీసిన్నా, మతి తప్పిందా అని. తాయత్తు గూడ కట్టించుకున్న." చొక్కా గుండీ విప్పి చూపించాడు. నల్లదారానికి వెండి తాయత్తు ఉంది.

చంద్రకళ ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా అతను పక్కనే నిలబడ్డాడు, ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

"ఇగ ఈడ కొలుస్తున్నం గద, ఎందుకు?" అన్నాడు తర్వాత.

"మేకు ఈడికి మారుస్త. రోజుకు ఇరవై నాలుగు మీటర్లు ఈ నడవల చేరుతది. విమానం ఎక్కేటోళ్లే నడుస్తరు."

పర్వతాలు నడవ కొస నుంచి కొస దాకా చూశాడు. ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేసుకున్నాడేమో, మొదటిసారి మొహంలో నవ్వులాంటిది వచ్చింది. వంగి గొలుసు తీసుకున్నాడు. తొమ్మిది గొలుసులు వచ్చింది.

"సంతకం పెట్టకు అప్పుడే," అన్నాడు. "వాపస్ కొలుద్దాం. నాయినైతె ఒక్కసారికి ఒప్పుకునేటోడు కాదు."

తిరిగి తొమ్మిదే వచ్చింది.

గురువారం కోటంరాజు గారు రిజిస్టరు చూశారు. బాట: నడవ. పొడవు: నూట ఎనభై మీటర్లు. నివాసం: ఎవరూ లేరు. చివరి గడి చూసి తృప్తిగా సంతకం పెట్టారు. ఏ నడవో ఆయనకు పదో రోజున తెలిసింది, విమానం ఎక్కబోయిన ఒక పెద్దమనిషి కాళ్లు నొప్పులని ఫిర్యాదు రాశాక.

"ప్రయాణికులను నడిపిస్తారా?" అని కేకలేశారు.

"ఎవరో ఒకరు నడవాలి సార్," అంది చంద్రకళ. "కావాలంటే ఇంకో మేకు చూసుకోండి. కానీ చేత్తో కొలిచేవాళ్లు కావాలి."

గొలుసు పట్టడం వచ్చినవాళ్లు ఆ ల్యాబులో ఇంకెవరూ లేరు. అయితే ఇదంతా తర్వాతి మాట.

*

శుక్రవారం పర్వతాలు మీద విచారణ. విచారణ అధికారి రవూఫ్ సాబు కొల్లంపేటలో ఫైలు తెరిచేలోపే చంద్రకళ లేచి, "సార్, ఒక్క కిలోమీటరు నాతో నడిస్తే చాలు," అంది. రవూఫ్ సాబు మర్యాదస్తుడు. పాలిష్ చేసిన బూట్లతోనే జీపెక్కారు. ఈదమ్మ భర్త తిరుపతయ్యను కూడా రమ్మంది. అతను పర్వతాలు ఉన్న జీపులో కూర్చోనన్నాడు. చివరికి జీపు డ్రైవరు పక్కన ముందు సీట్లో, వెనక్కి తిరగకుండా కూర్చున్నాడు.

తొమ్మిదో రాయి దగ్గర దిగి నడిచారు. పావుగంటకు రవూఫ్ సాబు గడియారం చూసుకున్నారు. అరగంటకు కోటు విప్పి చేతికి వేసుకున్నారు. గంటకు బూట్ల మీద దుమ్ము చూసుకోవడం మానేశారు.

"అమ్మా, పదో రాయి ఇంకెంత దూరం?" అన్నారు. ఆయన గొంతులో విసుగు లేదు, భయం ఉంది.

"ఇంకొంచెం ఉంది సార్. అసలైతే ముప్పావుగంట కిందనే రావాలి."

తిరుపతయ్య ముందు నడుస్తున్నాడు. ఇరవై ఆరేళ్ల మనిషి, కూలి పనికి పోయే చేతులు. ఒకచోట దారి అంచుకు పోయి ఆగాడు. అక్కడ మూడు రాళ్లు పేర్చి, పసుపు పూసి ఉన్నాయి.

"ఈడనే," అన్నాడు పర్వతాలు మెల్లగా. "ఈడనే ఊపిరాగింది. ఈడనే బండాపిన."

చంద్రకళ సంచీలోంచి కాగితం తీసింది. తమ్ముడు బండాపిన చోటు ఎన్నో గొలుసు, ఎన్నో మీటరు అన్నీ అందులో ఉన్నాయి. చూడాల్సిన అవసరం లేదు గానీ చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి.

"తిరుపతయ్యా, నేను గొలుసు ఆశన్న బిడ్డను. విమానాల కాడ పనిచేస్త," అంది. "ఏడు నెలల కింద ఈ జాగ లేదు. ఈ మూడు రాళ్లు పెట్టిన నేల అసలే లేకుండె. దూరం పోయే విమానాలకు మేం దారి దగ్గర చేస్తున్నం. దగ్గర చేసిన ప్రతిసారి మూడు మీటర్లు వచ్చి ఈడ పడ్డది. అట్ల ఐదు కిలోమీటర్లు పడ్డది. మా తమ్ముడు యాడ ఆగలే. ఆ దినం మీరు ఈ జాగకు వచ్చేసరికి బండి పద్నాలుగు కిలోమీటర్లు నడిచింది. దారి ఎప్పటి లెక్క ఉంటే, అప్పటికి మీరు దవాఖాన గేటు కాడ ఉంటుండె. ఊపిరి పోసే మిషన్ ఆడ ఉండె. ఈ దారిని మేకుగ పెట్టుమని చెప్పింది నేను. సంతకం నాది."

రవూఫ్ సాబు ఫైలు తెరిచి, మళ్లీ మూసేశారు.

తిరుపతయ్య చాలాసేపు ఆ రాళ్లనే చూశాడు. తర్వాత పర్వతాలు వైపు తిరిగాడు. పదిహేను రోజుల్లో అతని మొహంలోకి చూడటం ఇదే మొదటిసారి.

"అన్నా, నువ్వు చాయ్ తాగినవని నేనే రాసిచ్చిన," అన్నాడు.

పర్వతాలు తలూపాడు. తెలుసన్నట్టో, పోనీలే అన్నట్టో.

తిరుపతయ్య మళ్లీ చంద్రకళతో అన్నాడు. "ఒక్కో విమానానికి మూడు మీటర్లంటివి. మరి ఈ రాళ్ల కాడ పడ్డది ఏ విమానందో తెలుస్తదా?"

తెలుస్తుంది. కొత్తది పడ్డప్పుడల్లా పాతది ముందుకు జరుగుతుంది. అన్నిటికంటే ముందు కొసన ఉన్నది మొదటి రోజుది. అది లెక్క కట్టిన సాయంత్రం చంద్రకళ కాగితం మడిచి, మళ్లీ విప్పి, మూడుసార్లు సరిచూసుకుంది.

"మొదటి దినందే," అంది. "పొద్దున పోయిన మొట్టమొదటి విమానం."

"అండ్ల ఎవరుండిరి?"

"మంత్రులుండిరి. పేపరోళ్లుండిరి." ఆమె కాగితం మడిచింది. "నేనుంటి."

"మంచిగ చేరినరా?"

"చేరినం."

"ఎంతసేపట్ల?"

"ఇరవై రెండు నిమిషాలల్ల."

తిరుపతయ్య ఆ లెక్కను మనసులో ఒకసారి అనుకున్నట్టు పెదవులు కదిపాడు. వంగి, ఒరిగిన ఒక రాయిని సరిచేశాడు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని నడవడం మొదలుపెట్టాడు. పదో రాయి ఇంకా ముప్పావు కిలోమీటరు పైనే ఉంది. మిగతా ముగ్గురూ అతని వెనకాల నడిచారు.